పగటివేషంగా జెర్సీ: క్రీడాభిమాని ఆహార్యం, పెద్దరికం, ఔచిత్యం

వ్యాససంగ్రహం

ఆటగాడు మైదానంలో ధరించే జట్టు చొక్కాను వయసు వచ్చిన అభిమాని ఇంటా బయటా నిత్యం ధరించడం ఇటీవలి దశాబ్దాల్లో వాడుకైంది. దీన్ని పిల్లచేష్టగా ఈసడించేవారున్నారు. ఎవరి బట్ట వారి ఇష్టమని తేల్చేసేవారూ ఉన్నారు. ఈ రెండు వైఖరులూ ఆ చొక్కా సమాజంలో చేస్తున్న పనిని గమనించవు. తెలుగులోని 'వేషం', 'మనం – మేము', 'కండువా', 'దీక్ష', 'పెద్దరికం' అనే భావనల వెలుగులో జెర్సీధారణను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జెర్సీ, ఆహార్యం, పగటివేషం, మనం – మేము, పెద్దరికం, ఔచిత్యం, క్రీడాభిమానం

ఉపోద్ఘాతం

గౌతమ్ తిన్ననూరి దర్శకత్వంలో 2019లో విడుదలైన 'జెర్సీ' చిత్రకథ అయిదువందల రూపాయల చుట్టూ తిరుగుతుంది. పుట్టినరోజుకు భారత జట్టు జెర్సీ కావాలని కొడుకు అడుగుతాడు. ఉద్యోగం పోయిన తండ్రి చేతిలో ఆ డబ్బు ఉండదు. ముప్పైఆరేళ్ల వయసులో అతడు మళ్లీ బ్యాటు పట్టడానికి దారితీసిన కారణాల్లో ఆ చొక్కా ఒకటి. ఆ కథలో జెర్సీకి న్యాయమైన హక్కుదారులు ఇద్దరే. ఒకరు దాన్ని కోరుకునే పిల్లవాడు, మరొకరు ఆడి దాన్ని సంపాదించుకోవలసిన ఆటగాడు. నిత్యజీవితంలో మాత్రం ఈ ఇద్దరికంటే ఎక్కువగా కంటబడే మూడో మనిషి ఉన్నాడు. అతడు పిల్లవాడు కాడు, ఆటగాడూ కాడు. నలభైయైదేళ్ల గృహస్థు. ఆదివారం ఉదయం రైతుబజారులో వంకాయలు ఏరుకుంటూ ఉంటాడు. అతని వీపున ఇరవైరెండేళ్ల కుర్రవాడి పేరు, ఆ కుర్రవాడి సంఖ్య ఉంటాయి.

ఈ మూడో మనిషిని చూసి నవ్వాలా, అతడు చేస్తున్నది సహజమేనని ఒప్పుకోవాలా అన్నది పైకి చిన్న ప్రశ్న. వస్త్రధారణను గురించిన ప్రశ్నలు తెలుగు సమాజంలో చిన్నవిగా ఉండిపోవు. ఎవరు పంచె కట్టాలి, ఎవరు చెప్పులు తొడుక్కొని ఏ వీధిలో నడవాలి, ఎవరు పైట వేసుకోవాలి అనే విషయాలపై ఒకప్పుడు గొడవలు జరిగిన దేశమిది. కనుక పెద్దవాళ్ల జెర్సీని కూడా వినోదపు శీర్షికల కింద వదిలేయకుండా కొంత నిదానంగా చూడవలసి ఉంది.

'జెర్సీ' అనే మాట ఇంగ్లీషు కాలువలోని ఒక దీవి పేరు. ఆ దీవిలో అల్లిన ఉన్ని దుస్తుల వల్ల బట్టకూ, అక్కడి పశుజాతి వల్ల ఆవుకూ ఒకే పేరు వచ్చింది. తెలుగు పల్లెల్లో చాలామందికి ముందు తెలిసింది ఆవే. ఇంట్లో జెర్సీ ఉందంటే పాడి ఉందని అర్థం. చొక్కా ఆ మాటను ఆవు దగ్గర నుంచి లాక్కోవడానికి ఒక తరం పట్టింది.

తెల్లచొక్కా నుంచి రంగుచొక్కాకు

పెద్దవాళ్లు జట్టు చొక్కా వేసుకోవడం పాత అలవాటేమీ కాదు. దానికి కారణం సరళమైనది: క్రికెట్టులో వేసుకోవడానికి జట్టు చొక్కా అనేది విడిగా లేదు. ఏ దేశం ఆడినా తెల్లబట్టలే. తెల్లచొక్కా వేసుకున్నవాడు గుమాస్తానో బడిపంతులో అవుతాడు తప్ప భారత జట్టు అభిమానిగా గుర్తింపు పొందడు. రేడియోలో వ్యాఖ్యానం వింటూ స్కోరు పలకమీద రాసిన తరానికి అభిమానం చెవుల్లోనూ నోట్లోనూ ఉండేది, ఒంటిమీద ఉండేది కాదు.

ఆస్ట్రేలియా వ్యాపారి కెర్రీ ప్యాకర్ 1977లో ప్రారంభించిన ప్రపంచ సిరీస్ క్రికెట్ ఈ స్థితిని మార్చింది. 1979 జనవరిలో సిడ్నీలో దీపాల వెలుగులో జరిగిన పోటీలో ఆస్ట్రేలియన్లు పసుపుపచ్చ, వెస్టిండీస్ ఆటగాళ్లు గులాబీ రంగు దుస్తులతో దిగారు. సంప్రదాయవాదులు దానికి 'పైజమా క్రికెట్' అని పేరుపెట్టి ఎగతాళి చేశారు. ఇక్కడ ఆగి గమనించవలసిన అంశం ఒకటుంది. రంగుల జట్టుచొక్కా పెద్దమనుషుల బట్ట కాదు, పడకగదిలో పిల్లలు తొడుక్కునే బట్ట అన్న నింద మొదట అభిమానిమీద పడలేదు, ఆటగాడిమీదే పడింది. ఆటగాడు దాన్ని దులుపుకున్నాడు; నింద మాత్రం మైదానం దాటి ప్రేక్షకుడికి సంక్రమించింది.

1992లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నిర్వహించిన ప్రపంచకప్‌తో రంగుదుస్తులు, తెల్లబంతి, చొక్కా వీపున ఆటగాడి పేరు ఆ పోటీలోకి ప్రవేశించాయి. 1999 ప్రపంచకప్‌లో సంఖ్యలూ చేరాయి. పేరూ సంఖ్యా వచ్చిన తర్వాతనే చొక్కా అమ్మకానికి పూర్తిగా సిద్ధమైందని చెప్పవచ్చు. రంగు జట్టును అమ్మితే, పేరు మనిషిని అమ్మింది. చివరికి 2019 యాషెస్‌లో టెస్టు ఆట తెల్లచొక్కాల మీద కూడా పేర్లు, సంఖ్యలు కనిపించాయి.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఈ చరిత్ర మరికొంత ముందు మొదలైంది. 1970లలో అడ్మిరల్ అనే దుస్తుల సంస్థ లీడ్స్ యునైటెడ్ జట్టుతో ఒప్పందం చేసుకొని ఆటగాళ్ల చొక్కాలకు నకళ్లను అంగళ్లలో అమ్మింది. వాటి కొనుగోలుదారులు ప్రధానంగా బాలురు. వారి తండ్రులు మెడకు ఉన్ని పట్టీ చుట్టుకొని, మామూలు కోటుతోనే ఆటకు వెళ్లేవారు. పెద్దల కొలతల్లో చొక్కాలు విరివిగా అమ్ముడుపోవడం తర్వాతి రెండు దశాబ్దాల పరిణామం. ఆ వ్యాపారం ఎంత పెరిగిందంటే, నకలు చొక్కాల ధరలను కుమ్మక్కై నిలబెట్టినందుకు 2003లో బ్రిటన్ వాణిజ్య పర్యవేక్షక సంస్థ పది సంస్థలకు మొత్తం కోటీ ఎనభైయారు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. పుట్టుకలో జెర్సీనకలు పిల్లల బట్ట అన్నది కాబట్టి నిజమే. పుట్టుకను బట్టి వాడుకను నిర్ణయించే పక్షంలో లోకంలో మిగిలే బట్టలు తక్కువ.

వేషం, పగటివేషం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించింది. దుస్తులు, అలంకరణ, రంగులు మొదలైనవి ఆహార్యంలోకి వస్తాయి. మిగిలిన మూడింటికీ నటుడి సాధన అవసరం. ఆహార్యం ఒక్కటే బయటినుంచి తెచ్చి పెట్టుకోదగినది. జెర్సీ వేసుకున్న అభిమాని విషయంలో పరిహాసానికి మూలం ఇక్కడే ఉంది. ఆటగాడి ఆంగికం అతని దగ్గర లేదు. ఆహార్యం మాత్రం ఉంది. పొట్ట కొద్దిగా ముందుకు వచ్చిన దేహంమీద పరుగుకోసం కత్తిరించిన బట్ట ఈ తేడాను మరింత ఎత్తిచూపుతుంది.

తెలుగులో 'వేషం' అన్న మాట ఈ ఇబ్బందిని ఇంకా సూక్ష్మంగా పట్టుకుంది. వేషం కట్టడం కళ. వేషాలు వేయడం వంకరబుద్ధి. ఏకవచనం గౌరవం, బహువచనం నింద. వేదికమీద రాత్రిపూట కట్టినది మొదటి అర్థంలోకీ, పగలు ఇంట్లో చేసినది రెండో అర్థంలోకీ చేరుతాయని స్థూలంగా అనుకోవచ్చు. అయితే ఈ రెంటి మధ్య పగటివేషమనే మూడో సంప్రదాయం తెలుగునేలమీద ఉంది. పగటివేషగాడికి తెర లేదు, వేదిక లేదు. దేవుడిగానో, అధికారిగానో, భిక్షువుగానో అలంకరించుకొని పట్టపగలు వీధుల్లోకి వచ్చి, ఇంటింటి ముందు నిలబడతాడు. చూసేవారికి అది వేషమని తెలుసు. తెలిసికూడా క్షణకాలం నమ్మడంలో ఆనందం ఉంది.

జెర్సీ వేసుకున్న పెద్దమనిషిని ఈ కోవలో పరిశీలించడం సమంజసం. అతడు తనను తాను ఆటగాడిగా ఎవరికీ చూపించుకోవడం లేదు. రైతుబజారులో కూరలమ్మే ఆమె అతణ్ని క్రికెటరనుకొని మోసపోదు. వేదికకు పరిమితమైన ఆహార్యాన్ని అతడు వీధిలోకి తెచ్చాడు, అంతవరకే. పగటివేషగాడికీ ఇతనికీ ఉన్న భేదం మరోచోట ఉంది. పగటివేషగాడు పాత్రను ఏళ్లతరబడి అభ్యసిస్తాడు. మాట, నడక, పద్యం అన్నీ నేర్చుకొని వస్తాడు. జెర్సీదారు నేర్చినది ఏమీ లేకపోవచ్చు. అతని వేషానికి ప్రవేశరుసుము సాధన కాదు, ధర.

మనం, మేము, మనవాళ్లు

జెర్సీధారణను గురించి మనోవిజ్ఞానంలో విస్తృతంగా ప్రస్తావనకు వచ్చే పరిశోధన రాబర్ట్ చాల్డీనీ బృందం 1976లో ప్రచురించినది. అమెరికాలోని ఏడు విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ పోటీల మరుసటి సోమవారం విద్యార్థులు ఏ దుస్తులతో తరగతికి వస్తున్నారో పరిశీలకులు లెక్కపెట్టారు. తమ జట్టు గెలిచిన వారం విశ్వవిద్యాలయం పేరో గుర్తో ఉన్న దుస్తులు ఎక్కువగా కనిపించాయి. అదే పరిశోధనలో మరో భాగం భాషకు సంబంధించినది. గెలిచిన ఆటను వర్ణించేటప్పుడు విద్యార్థులు ఉత్తమపురుష బహువచనాన్ని ఎక్కువగానూ, గెలవని ఆటను చెప్పేటప్పుడు తక్కువగానూ వాడారు. పరాయివాడి వెలుగులో చలికాచుకోవడం అనదగిన ఈ ప్రవృత్తికి తెలుగువారు 'ఏ ఎండకా గొడుగు' అని ఎప్పుడో పేరుపెట్టారు.

ఈ పరిశోధన తెలుగులో జరిగి ఉంటే ఫలితం మరింత సంక్లిష్టంగా ఉండేది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. తెలుగులో రెండున్నాయి: వినేవారిని కలుపుకొనే 'మనం', వినేవారిని మినహాయించే 'మేము'. క్రియలో మాత్రం భేదం లేదు. మనం గెలిచాం, మేం గెలిచాం. కర్తను వదిలి 'గెలిచాం!' అని అరిస్తే, ఆ గెలుపులో పక్కనున్నవాడికి వాటా ఉందో లేదో వాక్యం చెప్పదు. మైదానంలో వినిపించే కేక దాదాపు ఎప్పుడూ ఇదే రూపంలో ఉంటుంది. ఆ వాక్యంలో లోపించిన సర్వనామాన్ని పూరించేది ఒంటిమీది చొక్కా. ఒకే రంగు వేసుకున్నవాడిని చూసి అరిస్తే అది 'మనం'. ఎదుటి రంగువాడిని చూసి అరిస్తే 'మేము'.

భారత జట్టు నీలిచొక్కా దేశంలోపల 'మనం' అంటుంది. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో ప్రపంచకప్ తుదిపోటీ చూసిన తొంభైవేలకు పైబడిన జనంలో అత్యధికులు ఆ రంగులో ఉన్నారు. ఆ రోజు ఆస్ట్రేలియా గెలిచింది. మరుసటి ఉదయం అదే చొక్కాతో ఉద్యోగానికి వెళ్లినవారు ఎందరని ఎవరూ లెక్కించలేదు. అసలైన అభిమానానికి కొలమానం ఏదైనా ఉంటే అది ఆ ఉదయంలోనే ఉంది.

ఐపీఎల్ చొక్కా అలా కాదు. అది పొరుగువాడితో 'మేము' అనే చొక్కా. పైగా ఆ 'మేము' ఊరికి కట్టుబడి కూడా ఉండదు. హైదరాబాదు ఉప్పల్ మైదానానికి చెన్నై జట్టు వచ్చిన రోజున గ్యాలరీలు పసుపుపచ్చగా మారడం ఆ నగరపు అభిమానులకు పాత ఫిర్యాదు. ఆ పసుపు ధరించినవారిలో చాలామంది తెలుగువారే. వారి విధేయత చెన్నై నగరానికి కాదు, ఏడో సంఖ్యకు. ఊరిజట్టు నారింజరంగు వేసుకున్నవాడి స్థితి కూడా అంత నిలకడైనదేమీ కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన దక్కన్ చార్జర్స్ 2012 తర్వాత లేకుండాపోయింది. దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ యాజమాన్యం చెన్నైలో ఉన్న ప్రసారసంస్థది. హైదరాబాదు 'మేము'కు యజమాని చెన్నైలో ఉండగా, చెన్నై రంగు వేసుకున్న హైదరాబాదీని ద్రోహి అనడానికి తర్కం సరిపోదు.

తెలుగువారి నిత్యవ్యవహారంలో వీటికంటే తరచుగా వినిపించే మాట 'మనవాళ్లు'. 'మనవాళ్లు గెలిచారు', 'మనవాళ్లు చేతులెత్తేశారు'. విశేషణం ఉత్తమపురుషలోనూ క్రియ ప్రథమపురుషలోనూ ఉండే ఈ ప్రయోగంలో గొప్ప నిజాయితీ ఉంది. బంధుత్వాన్ని ఒప్పుకుంటుంది, శ్రమలో వాటా అడగదు. ఆటలో ఒక్క బంతిని కూడా ఎదుర్కోనివాడికి తగిన వ్యాకరణం ఇదే. జెర్సీ ఈ మధ్యేమార్గాన్ని చెరిపేసి, ధరించినవాడిని 'మనవాళ్లు' నుంచి 'మనం'లోకి నెడుతుందన్నది దానిమీద చేయదగిన బలమైన ఆక్షేపణ.

అయితే 'మనవాళ్లు'కు మరో ముఖం ఉంది, దాన్ని దాచడం పరిశోధకులకు తగదు. పెళ్లి సంబంధంలోనో అద్దె ఇంటి బేరంలోనో 'మనవాళ్లేనా?' అని తగ్గు గొంతుతో అడిగితే ఆ ప్రశ్న కులాన్ని గురించినది. మనవాడు, మనోడు, మన పిల్ల అనే మాటలన్నీ ఈ సంకుచితార్థాన్ని మోస్తూనే ఉన్నాయి. ఆటగాళ్ల ఇంటిపేర్లు చూసి వారిని పంచుకునేవారు కూడా లేకపోలేదు. ఆ నేపథ్యంలో బస్సులో పక్కసీటువాడి నీలిచొక్కా చూసి, అతని ఊరూ పేరూ అడక్కుండా, నిన్నటి ఆట గురించి మాట కలపగలగడం తక్కువ విషయం కాదు. కులమడగని 'మనం' తెలుగు సమాజంలో ఎన్ని సందర్భాల్లో దొరుకుతుంది? ఆ చొక్కా వేసుకున్న పెద్దమనిషిని చూసి నవ్వేముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

కండువా, దీక్షావస్త్రం

పెద్దలు తమ విధేయతను ఒంటిమీద ప్రకటించుకోవడం తెలుగువారికి కొత్తకాదు. స్వాతంత్ర్యోద్యమంలో ఖద్దరు ఆ పనే చేసింది. ఇప్పటి రాజకీయ వార్తల్లో 'కండువా కప్పుకున్నారు' అంటే పార్టీలో చేరారని అర్థం. బట్ట పేరు చెబితే చాలు, సభ్యత్వం స్ఫురిస్తుంది. రంగులు ఎంతగా పంపకమైపోయాయంటే, ఎన్నికల రోజుల్లో పసుపుచొక్కా వేసుకున్నవాడు అది చెన్నై జట్టుదని విడిగా చెప్పుకోవలసి రావచ్చు. అరవైయేళ్ల నాయకుడు రంగు కండువాతో పెళ్లికి వెళితే ఎవరూ పిల్లచేష్ట అనరు. అలాంటప్పుడు నలభైయేళ్ల ఉద్యోగి రంగు చొక్కాతో బజారుకు వెళితే అనడానికి ఆధారం ఏమిటి? రాజకీయం పెద్దల పని, ఆట పిల్లల పని అన్న విభజన తప్ప మరొకటి కనిపించదు. ఆ విభజనను సమర్థించడం రెండు రంగాలనూ గమనించినవారికి కష్టం.

అయ్యప్ప దీక్షతో పోలిక మరింత ఉపయోగకరం. కార్తిక మార్గశిరాల్లో నల్లదుస్తులు ధరించి కార్యాలయాలకూ కళాశాలలకూ వచ్చే పెద్దలు తెలుగు రాష్ట్రాల్లో లక్షల్లో ఉంటారు. నలభైయొక్క రోజులు పాదరక్షలు లేవు, మద్యమాంసాలు లేవు, నేలమీద పడక. పరస్పరం 'స్వామి' అనే సంబోధన. ఇక్కడ వస్త్రం ఒక హక్కును ఇస్తూ దాని వెంట కొన్ని విధులను కూడా తెస్తుంది. నల్లబట్ట వేసుకొని కోపంగా మాట్లాడినవాడిని 'మాల వేసుకొని ఇదేమిటి?' అని ఎవరైనా నిలదీయవచ్చు. జెర్సీకి ఇటువంటి నియమం లేదు. జట్టు చొక్కా వేసుకొని అంపైరును బూతులు తిట్టినవాడిని 'ఆ చొక్కాతో ఇవేం మాటలు?' అని అడిగే సంప్రదాయం ఏర్పడలేదు. నియమం లేని దీక్షావస్త్రంగా జెర్సీ మిగిలిపోవడం దాని లోపం. వయసుకంటే ఇది పెద్ద లోపం.

ఆ లోపాన్ని సాకుగా తీసుకొని ప్రతి విషాదానికీ అభిమాని వెర్రిని బాధ్యురాలిని చేయడం కూడా న్యాయం కాదు. బెంగళూరు జట్టు 2025లో తొలిసారి ఐపీఎల్ గెలిచిన మరునాడు, జూన్ 4న, చిన్నస్వామి మైదానం వెలుపల తొక్కిసలాటలో 11 మంది మరణించారు. 'వేలంవెర్రి' అన్న మాట ఆ సందర్భంలో సులువుగా నోటికి వస్తుంది. అంతమందిని ఒకేచోటికి రానిచ్చి, ద్వారాల దగ్గర తగిన ఏర్పాట్లు చేయని నిర్వహణ సంగతి ఆ మాటవల్ల మరుగునపడుతుంది. అక్కడి ప్రభుత్వం విచారణ కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. సంబరం చూడాలని వచ్చినవారి ఒంటిమీది రంగు వారి మరణానికి కారణం కాదు.

ఎదురు డబ్బిచ్చి మోసే ఫలకం

2023లో భారత జట్టు దుస్తుల తయారీ అడిడాస్ చేతికి వచ్చినప్పుడు ఆటగాళ్లు ధరించే రకం చొక్కా ధర 4,999 రూపాయలు, అభిమానుల కోసం చేసిన చవకరకం 999 రూపాయలు. ఈ సొమ్ముతో అభిమాని కొన్నది జట్టు రంగును మాత్రమే కాదు. ఛాతీమీద పెద్ద అక్షరాల్లో ఉండేది వ్యాపారసంస్థ పేరు. ఆ పేరు వేసినందుకు సంస్థ క్రికెట్ బోర్డుకు డబ్బిస్తుంది. ఆ పేరును వీధుల్లో మోసేందుకు అభిమానే ఎదురు డబ్బిస్తాడు. ఫ్లెక్సీ కట్టే కూలివాడికైనా రోజుకూలి దక్కుతుంది.

సహారా, స్టార్, ఒప్పో, బైజూస్, డ్రీమ్11, అపోలో టైర్స్: ఈ శతాబ్దంలో నీలిచొక్కా ఛాతీ ఇన్ని చేతులు మారింది. వాటిలో బైజూస్ బకాయిల విషయమై క్రికెట్ బోర్డే దివాలా న్యాయస్థానానికి వెళ్లింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేయడంతో డ్రీమ్11 తప్పుకుంది. ఆ సెప్టెంబరులో ఆసియాకప్‌ను భారత జట్టు ప్రధాన ప్రాయోజకుడి పేరు లేని చొక్కాతో ఆడింది. అంతకుముందు రెండేళ్లలో జెర్సీ కొన్న గృహస్థు దగ్గర, చట్టం తర్వాత చెల్లకుండాపోయిన వ్యాపారానికి ప్రకటన మిగిలింది. పిల్లవాడు ఆ పేరు ధరిస్తే దాని అర్థం తెలియదని సరిపెట్టుకోవచ్చు. పెద్దవాడికి ఆ వెసులుబాటు లేదు. జెర్సీ విషయంలో వయసు నిజంగా తేడా చూపే చోటు ఇది: ఎగతాళికి సంబంధించి కాదు, బాధ్యతకు సంబంధించి.

మరో సంగతి. జెర్సీ వేసుకున్న ప్రతివాడూ అభిమాని కాడు. పండగల్లో జరిగే గ్రామీణ పోటీలకు స్థానిక దాతల పేర్లతో అచ్చువేయించిన చొక్కాలు ఆట అయిపోయాక పొలంలోకీ, తాపీపనిలోకీ, లారీ క్యాబిన్‌లోకీ చేరతాయి. అది చవక, త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అడగదు, ఒక పట్టాన చిరగదు. సిమెంటు బస్తా మోస్తున్నవాడి వీపున కోహ్లీ పేరుంటే అది ఆరాధన కావచ్చు, కాకపోనూవచ్చు. పెద్దలు జెర్సీలు వేసుకోవచ్చా అనే చర్చ చాలావరకు బీరువాలో వేరే చొక్కాలున్నవారి చర్చ అన్న స్పృహ విమర్శకులకు ఉండాలి. ఎంపిక ఉన్నచోటనే వస్త్రం ప్రకటన అవుతుంది.

పెద్దరికం, ఔచిత్యం

పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలబెడుతూ, స్థానం తప్పిన నగల పోలికతో దాన్ని వివరించాడు. మొలనూలు మంచిదే, హారమూ మంచిదే. ఒకదాని చోట మరొకటి పెట్టుకుంటే నవ్వు పుడుతుంది. ఈ సూత్రం జెర్సీకి నేరుగా వర్తిస్తుంది. ధరించకూడని వస్త్రం కాదు, ధరించకూడని చోట్లున్న వస్త్రం. పరామర్శకు వెళ్లినప్పుడు, న్యాయస్థానంలో, పరీక్షల పర్యవేక్షణలో అది తగదని చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. బజారు, ప్రయాణం, ఇల్లు, ఉదయపు నడక విషయంలో అభ్యంతరానికి ఆస్కారం లేదు.

చిక్కంతా మధ్యనున్న చోట్లలో ఉంది, వాటిలో తరగతిగది ముఖ్యమైనది. కళాశాల అధ్యాపకుడు ఐపీఎల్ చొక్కాతో పాఠం చెప్పడానికి వస్తే అతని పెద్దరికం తగ్గుతుందని సాధారణంగా వినవచ్చే మాట. పెద్దరికం బట్టలో ఉండదని దీనికి సమాధానం చెబుతారు. రెండూ అసలు విషయానికి పక్కనుంచి పోతాయి. అధ్యాపకుడు మార్కులు వేసేవాడు. అతని ఒంటిమీది రంగు తరగతిలోని విద్యార్థుల్లో కొందరితో 'మనం' అనీ, తక్కినవారితో 'మేము' అనీ అంటుంది. అధికారం ఉన్నచోట ఆ విభజన, ఆటకు సంబంధించినదే అయినా, చేయదగినది కాదు. జాతీయ జట్టు చొక్కా ఈ ఆక్షేపణకు చాలావరకు అతీతం, పూర్తిగా మాత్రం కాదు. 2025 జులైలో మాంచెస్టర్‌లో భారత్, ఇంగ్లండ్ టెస్టు చూడవచ్చిన ఒక ప్రేక్షకుడిని, అతడు వేసుకున్న పాకిస్తాన్ జట్టు చొక్కాను కప్పుకొమ్మని భద్రతా సిబ్బంది అడిగారు. ఆ మైదానపు క్లబ్బు తర్వాత విచారం ప్రకటించింది. ఒకచోట మామూలు బట్ట మరొకచోట కవ్వింపుగా తోచగలదు. తోచినంత మాత్రాన దాన్ని తీసేయమనే హక్కు చూసేవాడికి వస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆ క్లబ్బు విచారం దానికి రాదనే సమాధానం చెప్పింది.

జెర్సీ పెద్దరికానికి భంగమన్న వాదాన్ని చరిత్రలో నిర్ద్వంద్వంగా కొట్టివేసిన సంఘటన ఒకటుంది. 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్కులో రగ్బీ ప్రపంచకప్ తుదిపోటీ. దక్షిణాఫ్రికా జట్టు ఆకుపచ్చ చొక్కా అప్పటివరకు నల్లజాతివారి దృష్టిలో వర్ణవివక్ష పాలనకు గుర్తు. ఇరవైయేడేళ్లు ఖైదులో గడిపి దేశాధ్యక్షుడైన నెల్సన్ మండేలా, తన డెబ్బైయారో ఏట, శ్వేతజాతీయుడైన జట్టు నాయకుడు ఫ్రాన్స్వా పీనార్ సంఖ్య 6 ఉన్న ఆ చొక్కానే తొడుక్కొని మైదానంలోకి నడిచాడు. అది 'మేము' అనిపించుకున్న చొక్కా. అధ్యక్షుడు దాన్ని 'మనం'గా చదివాడు. అదే చొక్కాను ఒక పదేళ్ల పిల్లవాడు వేసుకొని ఉంటే ఏ అర్థమూ పుట్టేది కాదు. ధరించినవాడి వయసు, అనుభవం, అతడు మన్నించవలసివచ్చిన గతం, ఇవన్నీ కలిస్తేనే ఆ బట్ట మాట్లాడింది.

అంతటి సందర్భాలు అరుదు. సామాన్య గృహస్థుకు దక్కే అవకాశాలు చిన్నవి, అయినా లేకపోలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో భారత మహిళల జట్టు తొలిసారి ప్రపంచకప్ గెలిచింది. కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి, హైదరాబాదుకు చెందిన అరుంధతీరెడ్డి ఆ జట్టులో ఉన్నారు. వీపున మగ ఆటగాడి పేరు ధరించిన స్త్రీలు మైదానాల్లో ఎప్పటినుంచో కనిపిస్తున్నారు. మహిళా క్రికెటర్ పేరు వీపున ధరించిన నడివయసు పురుషుడు ఇంకా అరుదే. పెద్దరికం, మగతనం రెండూ కలిసి అడ్డుపడే చోటు అది. నీలిచొక్కా మీద 18 విరాట్ కోహ్లీ సంఖ్య, స్మృతి మంధాన సంఖ్య కూడా. పేరు లేకుండా 18 మాత్రమే ఉన్న చొక్కాతో రైతుబజారుకు వెళ్లినవాణ్ని కూరలమ్మే ఆమె కొడుకు 'కోహ్లీయా అంకుల్?' అని అడగవచ్చు. కాదని చెప్పి, స్మృతి పేరు చెప్పడం ఆ వయసువాడికి ఇష్టమైతే, చొక్కా వేసుకున్నందుకు అతడు సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు.